అంగుళం కదలకుండా

పిల్లల కారు సీటు బిగించడం మా అల్లుడికి నేర్పింది నేనే. దగ్గర కూర్చోబెట్టుకుని, చేతులు పట్టుకుని మరీ నేర్పాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కొంచెం తేలికవుతుందని ఇక్కడే పెట్టాను.

ముప్పై ఏళ్ళు నేను లారీల మీద లోడు కట్టాను. పత్తి బేళ్ళు, దూలాలు, సిమెంటు తూములు, బీరువాలు, ఒకసారి ప్రాణమున్న ఆంబోతుని కూడా. చదువు మా ఊరి బడిలో ఐదో క్లాసు దాకా. మాట తక్కువ. నా నోట్లోంచి మాట రావాలంటే కింద జాకీ పెట్టి లేపాలని మా ఆవిడ అందరికీ చెబుతుంది. కానీ కట్టు చూస్తే మాత్రం చెప్పగలను, ఏది నిలుస్తుందో, ఏది నాలుగు మైళ్ళు పోయాక జారుతుందో. తాడు చూడక్కర్లేదు. సరుకూ సరుకూ ఆనుకుని ఉన్నాయా, మధ్యలో సందు పడిందా అని చూస్తే చాలు.

మా అమ్మాయి ఇంట్లో సందు పడిందని ఆ ఎండాకాలం మొదట్లోనే నాకు తెలిసింది.

మా ఆవిడా నేనూ ఆ ఇంట్లోనే ముందు గదిలో ఉండేవాళ్ళం. అమ్మాయి మందుల షాపులో పనిచేసేది. అల్లుడు కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేసి అద్దాలు రాసిచ్చేవాడు. మనవడికి ఐదేళ్ళు. ఏం చెప్పినా "ఎవరన్నారు? నిజంగానా? రాసిస్తావా?" అని అడ్డు ప్రశ్నలు వేస్తాడని వాడికి లాయరని పేరు పెట్టాను. మనవరాలికి ఏడాదిన్నర. అది పిచిక. దానికి అప్పటికి వచ్చినవి నాలుగు మాటలు, అందులో రెండు వాళ్ళన్నని పిలిచేవే.

ఇంట్లో అరుపులు లేవు. అరుపులుంటే నేనింత భయపడేవాణ్ణి కాదు. స్నానాల గదిలో పళ్ళు తోముకునే పేస్టులు రెండయ్యాయి. ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్లు రెండు, రెండూ సగం సగం వాడినవి. "మీ నాన్నని అడుగు, సాయంత్రం తొందరగా వస్తాడేమో." "మీ అమ్మకి చెప్పు, రానని." ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో పిల్లాణ్ణి పోస్టుమ్యాన్‌ని చేశారు. ఒకరోజు లాయరు చెంచా కింద పెట్టేశాడు.

"నాన్న ఇక్కడే ఉన్నాడు కదమ్మా. వినపడుతోంది కదా."

ఇద్దరూ నవ్వారు. ఒకళ్ళ వంక ఒకళ్ళు చూసుకోకుండా నవ్వారు.

తప్పెవరిదో నాకు తెలీదు. అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు.

ఓడ ప్రయాణం టిక్కెట్లు పిచిక బోర్లా పడే రోజుల్లో తీసుకున్నవి. ఐదు రోజులు సముద్రం మీద, మధ్యలో ఒకచోట దిగి ఊరు చూడటం. మానేస్తారేమో అనుకున్నాం. మానలేదు. మా ఆవిడకి ప్రాణం లేచి వచ్చింది.

"ఇంట్లో అయితే ఒకళ్ళు షాపుకి, ఒకళ్ళు మేడ మీదకి. ఓడలో ఎక్కడికి పోతారయ్యా? చుట్టూ నీళ్ళు. మాట్లాడుకోక చస్తారా?"

"ఊఁ" అన్నాను.

"ఆ ఊఁకి అర్థమేంటి?"

"మాట్లాడుకుంటారనే."

నేను ఆ ఐదు రోజుల మీదే పెట్టుకున్నాను ఆశంతా. ఆ ఇల్లు నిలవాలి, పిల్లలిద్దరూ ఒక కప్పు కింద పెరగాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ప్రయాణం దగ్గరపడేకొద్దీ మా ఆవిడ ఆ ఊసెత్తడం మానేసింది. సామాను హడావుడిలో ఉందనుకున్నాను.

రేవు మా ఊరికి మూడు గంటల దారి. ఆరుగురం, సామాను, ఒక కారులో పట్టం కాబట్టి వ్యాను మాట్లాడారు. దిగిన ఊళ్ళో టాక్సీ ఎక్కాలి, టాక్సీల్లో పిల్లల సీట్లుండవు, అందుకని రెండు సీట్లూ మాతోపాటే ఓడెక్కాలి. వాటి బిగింపు మా ఇంట్లో మొదట్నుంచీ నా పని. అల్లుడు కంటి అద్దం వెంట్రుకవాసి తేడా రాకుండా చూస్తాడుగానీ బెల్టు దగ్గరికొస్తే మెలికలు పెట్టేస్తాడు.

నా పద్ధతి ఒకటే. బండి బెల్టుని సీటు వెనక కన్నంలోంచి దూర్చి క్లిప్పు నొక్కుతాను. మోకాలు సీటులో ఆనించి, ఒంటి బరువంతా వేసి, బెల్టు కొస లాగుతాను. అప్పుడు బెల్టు దూరిన చోట రెండు చేతులా పట్టుకుని ఊపుతాను. అంగుళం కదిలిందా, విప్పేసి మళ్ళీ మొదలు. లాయరుది ముందుకి చూసే సీటు. పిచికది వెనక్కి చూసే సీటు. అంత చిన్నపిల్లల మెడకి అదే మంచిదని దాని డబ్బా మీద బొమ్మ వేసి ఉంది. నిద్రలో తల ముందుకి వాలిపోకుండా సీటు కింద తువ్వాలు చుట్టి పెడతాను. పక్కపక్కనే ఒకడు ఇటూ ఒకతి అటూ కూర్చుంటారు కాబట్టి ఒకరి మొహం ఒకరికి కనిపిస్తుంది. మూడు గంటల దారీ వాడు నాలుక బయటపెట్టడం, అది కిచకిచ నవ్వడం.

బయల్దేరిన పొద్దున నేను వ్యానులో మోకాలేసి లాగుతుంటే డ్రైవరు వచ్చి తొంగిచూశాడు. "ఏం కడుతున్నారు తాతా, పిల్లల్ని చంద్రుడి మీదకి పంపిస్తున్నారా?"

నేను కొస లాగుతూనే ఉన్నాను. అల్లుడు రెండో తలుపు దగ్గర నిలబడి నా చేతుల వంకే చూస్తున్నాడు.

"మామయ్యా, ఇది నాకు నేర్పుతారా?"

పెళ్ళయిన ఏడేళ్ళలో ఆ మాట అడగలేదు. లోపల ఎక్కడో వెచ్చగా అయింది. "ఓడెక్కాక తీరిగ్గా" అన్నాను.

రేవు దగ్గర సామానుకి చీటీలు కట్టి బండ్లలోకి విసిరేస్తున్నారు. సీట్లు కూడా ఇమ్మన్నాడు అక్కడి కూలీ. విసిరిన సీటు పైకి బాగానే ఉంటుంది, లోపల ఎక్కడ చీలిందో కంటికి కనపడదు. ఇవ్వనన్నాను. నా దగ్గర పాత లోడు బెల్టు ఒకటి ఉంది, పని మానేసినా ఎక్కడికెళ్ళినా సంచిలో పెట్టుకుంటాను. దాంతో రెండు సీట్లూ వీపున కట్టుకుని ఓడ మెట్లెక్కాను.

"చూడండర్రా, సింహాసనాలు ముందు నడుస్తున్నాయి, రాజులు చంకెక్కి వెనక వస్తున్నారు" అంది మా ఆవిడ. క్యూలో నాలుగు తలలు తిరిగాయి.

"తాతా, బరువుగా లేదా?" అన్నాడు లాయరు.

"లేదు."

"మరెందుకు వంగావ్?"

అమ్మాయి నవ్వింది. అల్లుడూ నవ్వాడు. ఈసారి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు కూడా. ఆ చూపు పట్టుకునే నేను ఆ మెట్లన్నీ ఎక్కాను.

మాకిచ్చినవి ఎదురెదురు గదులు. అమ్మాయి, అల్లుడు, పిల్లలు ఒకదాంట్లో, మేమిద్దరం ఒకదాంట్లో అనుకున్నాం. తీరా తలుపులు తీశాక అమ్మాయి, "పిచిక పడుకోనివ్వదు, పెద్దాడి నిద్ర పాడవుతుంది. అమ్మా పిచికా నేనూ ఇక్కడ. మగాళ్ళు ముగ్గురూ అక్కడ" అంది. సబబుగానే తోచింది. అల్లుడు లాయరు సంచి తీసుకున్నాడు. వాడి బట్టలూ చెల్లెలి బట్టలూ ఎప్పుడూ ఒకే పెట్టెలో ఉండేవి. ఈసారి వాడివి వేరే సంచిలో ఉన్నాయి. పిచిక సీటు ఆ గదిలోకీ లాయరు సీటు ఈ గదిలోకీ నేనే మోసుకెళ్ళి పెట్టాను.

ఓడ కదిలేముందు అందర్నీ ఒకచోట చేర్చి, హారను మోగితే ఎటు పరిగెత్తాలో, లైఫ్ జాకెట్టు ఎలా తొడుక్కోవాలో చూపించారు. తెల్ల చొక్కా ఆవిడ కాగితం పట్టుకుని వచ్చింది.

"మీరంతా ఒకటే కుటుంబమా?"

అమ్మాయి పిచిక జాకెట్టు బకిల్ సర్దుతోంది. అల్లుడు సముద్రం వంక చూస్తున్నాడు.

"ఆరుగురం" అన్నాడు లాయరు. ఆవిడ రాసుకుంది.

రెండో రోజు పొద్దున్న మా గదిలో పాఠం మొదలైంది. అక్కడ కారు లేదు, కాబట్టి కుర్చీకి నా లోడు బెల్టు చుట్టి దాన్నే కారు బెల్టు అనుకున్నాం. లాయరు మంచమెక్కి తీర్పరిలా కూర్చున్నాడు.

అల్లుడు చొక్కా చేతులు మడిచాడు. మెలిక వేశాడు. విప్పించాను. మళ్ళీ వేశాడు. మళ్ళీ విప్పించాను.

"లాగు. ఇంకా లాగు. చేత్తో కాదయ్యా, నడుంతో!" అనేసి నాలిక్కరుచుకున్నాను. ఏడేళ్ళుగా అల్లుణ్ణి మీరనే అన్నాను. పని నేర్పేటప్పుడు నాకు మీరు రాదు.

"అలాగే అనండి మామయ్యా" అన్నాడు. "బావుంది."

పదోసారికి బెల్టు సాఫీగా పడింది. పట్టుకుని ఊపాను. రెండంగుళాలు కదిలింది.

"తాత అయితే అంగుళం కూడా కదలదు" అన్నాడు లాయరు.

"తాత ముప్పై ఏళ్ళు చేశాడురా."

"నువ్వూ ముప్పై ఏళ్ళు చెయ్యి."

అల్లుడు నవ్వి మళ్ళీ విప్పాడు. నుదుటి మీద చెమట. అప్పుడు, తల ఎత్తకుండానే అడిగాడు.

"మామయ్యా, ఇప్పుడు మీరు అటు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. పక్కన పట్టుకునేవాళ్ళు లేకపోతే?"

"ఎవరో ఒకరు ఉంటాంగా."

"లేకపోతే. ఒక్కణ్ణే ఉంటే, వాన పడుతుంటే, వీడు అల్లరి చేస్తుంటే. ఒక్కణ్ణే చేసుకునేలా నేర్పండి."

ముందుచూపున్న మనిషి అనుకున్నాను. ఒంటిచేత్తో లోడు బిగించే కిటుకులు నాకు బోలెడు తెలుసు. మోకాలు ఎక్కడ ఆనించాలో, భుజంతో సీటు వీపు ఎలా నొక్కిపట్టాలో, ఎడంచేత్తో కొస తిప్పి కుడిచేత్తో ఎలా లాగాలో, ఆ రోజూ మర్నాడూ అన్నీ చూపించాను. ఏదీ దాచుకోలేదు. మూడో రోజుకి కళ్ళు మూసుకుని కట్టగలిగాడు. నేను ఊపి చూస్తే అంగుళం లోపే.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ పిచిక బట్టలు మడతపెడుతుంటే వెళ్ళి చెప్పాను. నా అంతట నేను పనిగట్టుకుని ఏదైనా చెప్పడం అరుదు.

"నేర్చేసుకున్నాడు. ఒక్కడే కట్టేస్తాడు ఇక. పిల్లల మీద ధ్యాస మళ్ళింది. నువ్వన్నట్టే అవుతోంది."

ఆవిడ చేతిలో గౌను మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"మంచి పని చేశావులే" అంది. తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఒక ఊరి దగ్గర ఓడ ఆగితే దిగి, ఆరుగురం పట్టే పెద్ద టాక్సీ మాట్లాడుకున్నాం. టాక్సీ అతను గడియారం చూసుకుంటూ సణుగుతుంటే అల్లుడు ముందు లాయరు సీటు, తర్వాత పిచిక సీటు బిగించడానికి వంగాడు. నన్ను పిలవలేదు. పిచిక సీటు తువ్వాలు జారిపోతుంటే అమ్మాయి అవతలి తలుపులోంచి చెయ్యి పెట్టి పట్టుకుంది. బెల్టు లాగేటప్పుడు అతని చెయ్యి ఆమె చేతి మీద పడింది. ఇద్దరూ అలాగే ఉన్నారు, ఒక మనిషి ఊపిరి తీసి వదిలేంతసేపు. తర్వాత ఆమె చెయ్యి మెల్లిగా, నిద్రపోతున్న పిల్ల కిందనుంచి తీసుకున్నంత మెల్లిగా, లాగేసుకుంది.

నేను చూశాను. సిగ్గుపడిందనుకున్నాను. అరవై రెండేళ్ళొచ్చాయి, కట్టు చూసి చెప్పగలనని పేరు. అలా అనుకున్నాను.

ఓడ తిరుగుముఖం పట్టింది. నాలుగో రోజు పొద్దున ఫలహారాల హాలులో ఆరుగురం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. ఎండ నీళ్ళ మీద పడి హాలు పైకప్పంతా వెలుగు కదులుతోంది. లాయరు హుషారుగా ఉన్నాడు. గది సర్దే ఆయన తువ్వాలుతో కుందేలు బొమ్మ చేసి, వాడి కారు సీటులో కూర్చోబెట్టి, పట్టీ కూడా పెట్టి వెళ్ళాడట. పట్టీ వదులుగా పెట్టాడని వాడి ఫిర్యాదు.

"నాన్నా, రేపు మన కారులో కిటికీ పక్కన నేనేనా?"

"నువ్వే. పాలు తాగు."

"మరి వ్యానులో కిటికీ పిచికకా? అది వెనక్కి చూస్తుంది కదా, దానికి కిటికీ ఎందుకు? అమ్మమ్మకి ఇవ్వచ్చు."

"రెండు బళ్ళెందుకురా?" అన్నాను. "వ్యానొకటే వస్తుంది."

"రెండు తాతా. నేనూ నాన్నా ఇటునుంచి ఇటే కొత్త ఊరు. మీరందరూ పాతింటికి. నాన్నకి అక్కడ వేరే షాపు. నాకు అక్కడ వేరే బడి." పాలు ఒక గుక్క తాగి మీసం చేసుకున్నాడు. "ఎన్ని రోజులకని అడిగాను. నాన్న రాసివ్వలేదు."

పిచిక ఒక్కతే తన గిన్నె కొట్టుకుంటోంది.

నేను రొట్టెకి వెన్న రాసుకుంటున్నాను. రాయడం పూర్తిచేశాను. నాలుగు అంచుల దాకా రాశాను. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అది నిజమని తెలిసింది.

తర్వాత డెక్కు మీద మా ఆవిడ నా పక్కన వచ్చి నిలబడింది.

"నీకు తెలుసా?" అన్నాను.

"బయల్దేరడానికి వారం ముందు చెప్పింది అమ్మాయి."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవాడివి? వారం ముందునుంచే ఇలా మొహం వేలాడేసుకుని నిలబడేవాడివి. పిల్లలకి ఈ ఐదు రోజులైనా దక్కాలని ఊరుకున్నాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు అతనికి ఆ సీటు పని నేర్పుతుంటే నాకు ఎలా ఉందో తెలుసా? ఆపమని ఎలా చెప్పను? పిల్లాడు కదా అందులో కూర్చునేది. రాకపోతే ఎలా?"

నేర్పకుండా ఉండాల్సిందా అంటే అదీ కాదు.

అమ్మాయి వెనక వరసలో పడక కుర్చీలో, పిచికని రొమ్ము మీద పడుకోబెట్టుకుని ఉంది. దగ్గరికెళ్ళాను. చిన్నప్పుడు దాన్ని లారీ ముందు సీట్లో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పేవాణ్ణి. అప్పుడు బెల్టులూ సీట్లూ ఏవీ లేవు. బ్రేకు పడితే చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళం, అంతే.

"అమ్మా" అన్నాను.

"వద్దు నాన్నా. నువ్వు మొదలెట్టకు, నీకు చేతకాదు" అంది. నవ్వబోయింది. "ఏడాది చూశాం. ఇద్దరం చూశాం. ఇక ఓపిక లేదు."

"పిల్లలు..."

"నాకు తెలీదా? పెద్దాడు వాళ్ళ నాన్న లేకపోతే అన్నం ముట్టడు. ఇది నేను లేకపోతే ఉండదు. ఇద్దర్నీ నేనుంచుకుంటే అతను చచ్చిపోతాడు. అతను ఉంచుకుంటే నేను." పిచిక జుట్టు చెవి వెనక్కి సర్దింది. "ఈ ప్రయాణం ఎందుకు మానలేదంటే, వాళ్ళిద్దరికీ కలిసి తిరిగినట్టు ఒకటైనా గుర్తుండాలని."

పిచిక వంక చూశాను. ఏడాదిన్నర పిల్లకి ఏం గుర్తుంటుంది? ఆ మాట నేను అనలేదు. అమ్మాయికీ అప్పుడే తట్టినట్టుంది, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా అల్లుడు ఓడ వెనక కొసన కమ్మీ పట్టుకుని ఒక్కడే నిలబడి ఉన్నాడు. నీళ్ళ మీద ఓడ గీసుకుంటూ వచ్చిన తెల్లదారి దూరంగా పోయి చెరిగిపోతోంది. పక్కన వెళ్ళి నిలబడ్డాను. మధ్యాహ్నమంతా మనసులో మాటలు సరిచేసుకున్నాను. బాబూ, ఇంకొక్క ఆర్నెల్లు చూడండి. బాబూ, మా వైపు ఏదైనా తప్పుంటే నన్ను తిట్టండి. బాబూ, ఆ ఇద్దర్నీ విడదీయకండి, ఎవరి దగ్గరైనా సరే, ఇద్దర్నీ ఒకచోట ఉంచండి. మూడూ వరసగా ఉన్నాయి. మొదటిది తియ్యడమే.

అతను నా వంక తిరిగాడు. నేనేదో చెబుతానని చూస్తున్నాడు. చెబితే బావుణ్ణని చూస్తున్నాడేమో కూడా. చాలాసేపు చూశాడు.

"చలికాలం వాడికి లావు కోటు వేసి పట్టీ పెట్టకండి" అన్నాను. "కోటు నలిగిపోయి పట్టీ వదులవుతుంది. ముందు పట్టీ పెట్టి, పైన దుప్పటి కప్పండి."

మళ్ళీ మీరు వచ్చేసింది.

"అలాగే మామయ్యా" అన్నాడు. మళ్ళీ సముద్రం వైపు తిరిగిపోయాడు.

మర్నాడు పొద్దున రేవులో దిగాం. మా వ్యాను వచ్చి ఉంది. దాని పక్కనే అల్లుడు మాట్లాడుకున్న బూడిద రంగు చిన్న కారు. వ్యాను డ్రైవరు మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.

"అదేంటి తాతా, పోయేటప్పుడు ఒక్క బండిలో పట్టారుగా? ఓడ తిండి తిని ఒళ్ళు చేశారా?"

ఎవరూ నవ్వకపోయేసరికి అతను గబగబా సామాను ఎక్కించడం మొదలుపెట్టాడు.

వీపున కట్టుకున్న రెండు సీట్లూ దించాను. బెల్టు విప్పాను. రెండూ విడిపోయి చెరొక పక్కకి ఒరిగాయి. అల్లుడు వచ్చి లాయరుది తీసుకున్నాడు.

నేను దూరంగా నిలబడి చూశాను. వెనక తలుపు తీశాడు. సీటు పెట్టాడు. బెల్టు దూర్చాడు, మెలిక లేదు. మోకాలు ఆనించాడు, భుజంతో వీపు నొక్కాడు, ఎడంచేత్తో కొస తిప్పి, నడుంతో లాగాడు. అంతా నా చెయ్యే. లాయరుని ఎక్కించి పట్టీలు పెట్టి, భుజం దగ్గర వేలు దూర్చి బిగువు చూశాడు.

"మామయ్యా, ఒకసారి చూస్తారా?"

వెళ్ళాను. బెల్టు దూరిన చోట రెండు చేతులా పట్టుకున్నాను. వదులుగా ఉండాలని కోరుకున్నాను. జీవితంలో ఒక కట్టు వదులుగా ఉండాలని కోరుకోవడం అదొక్కసారే. ఉంటే విప్పిస్తాను. మళ్ళీ కట్టిస్తాను. అది తప్పంటాను, ఇంకోసారంటాను, మధ్యాహ్నమవుతుంది, పిల్లలకి ఆకలేస్తుంది, అందరం ఒకచోట కూర్చుని తింటాం. బలంగా ఊపాను. కారు కదిలింది. సీటు కదల్లేదు.

"సరిగ్గా ఉంది" అన్నాను.

లాయరు నా చొక్కా పట్టుకున్నాడు. "తాతా, మళ్ళీ సెలవులకి అందరం ఒకే బండిలో పోదామా?"

"పోదాం."

"రాసిస్తావా?"

నా జేబులో పెన్ను ఎప్పుడూ ఉంటుంది. లారీల దగ్గర చీటీలు రాసిన అలవాటు. ఆ రోజూ ఉంది. వాడికీ కనిపిస్తూనే ఉంది. వాడి చెయ్యి నా చొక్కా మీదనుంచి తీసి, వాడి ఒళ్ళో పెట్టాను. అల్లుడు మెల్లిగా తలుపు వేశాడు.

అమ్మాయి, కారు అవతలి పక్క కిటికీలోంచి వంగి వాడి బుగ్గ పట్టుకుని ఏదో చెబుతోంది. అల్లుడు వ్యాను దగ్గరికొచ్చి పిచికని ఎత్తుకుని, మెడలో మొహం పెట్టుకుని, మా ఆవిడ చేతికి ఇచ్చేశాడు. నేను వ్యానులోకి దూరి పిచిక సీటు బిగించాను. తువ్వాలు చుట్టాను, బెల్టు దూర్చాను, లాగాను. పిల్లని కూర్చోబెట్టాను. బయల్దేరాం.

రేవు గేటు దాటాక మొదటి మలుపులో పిచిక సీటు ఖాళీగా ఉన్న పక్కకి ఒరిగింది.

"నాన్నా!" అంది అమ్మాయి, సీటు పట్టుకుని. "ఊగుతోంది."

డ్రైవరు అద్దంలోంచి నా వంక చూశాడు. నేను కట్టింది ఊగడం నాకు తెలిసి అదే మొదలు. బండి పక్కకి ఆపించాను. దిగి, చుట్టూ తిరిగి, వెనక తలుపు తీశాను. బెల్టు వదులుగా ఉంది. మెలిక కూడా పడింది. పిల్లని అమ్మాయికిచ్చి, విప్పి, మోకాలు ఆనించి, మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాను. ఆ పనిలో ఉండగానే వెనకనుంచి ఒక బండి హారను చిన్నగా రెండుసార్లు కొట్టి, మమ్మల్ని దాటి వెళ్ళింది. తల ఎత్తలేదు. చేతిలో కొస ఉంది, వదిలితే మళ్ళీ జారిపోతుంది.

ఊపి చూశాను. అంగుళం కూడా కదల్లేదు. పిచికని మళ్ళీ కూర్చోబెట్టి పట్టీలు పెట్టాను. అది నా వంక చూడలేదు. పక్కనున్న ఖాళీ వైపు, ఎప్పుడూ వాడి మొహం ఉండేచోటుకి చూసి, నాలుక బయటపెట్టి ఎదురుచూస్తోంది.